పదిహేడో ఎక్కం తప్పిన రోజు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న మా గురువులకు, ముందు వరుసలో కూర్చున్న అమ్మగారికి, నాతో పాటు ఎండలో ప్రార్థనకు నిలబడి ఏదో ఒక రోజు కళ్లు తిరిగి పడిపోయిన మిత్రులందరికీ నమస్కారం.

సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు కాలువల ఇంజనీరువి కదా, కాలువల గురించి పదిహేను నిమిషాలు చెప్పు" అన్నాడు. కాలువతోనే మొదలుపెడతాను. కానీ నేను చెప్పదలచుకున్నది మన లెక్కల సారు జబ్బు గురించి. ఇంటివాళ్ల కోరిక ప్రకారం పేరు చెప్పను. చెప్పనక్కర్లేదు కూడా. సుద్దముక్క విసిరితే గురి తప్పని మనిషి ఈ బడిలో ఒక్కరే ఉండేవారు. నేను డాక్టర్ని కాను కాబట్టి, రాసుకొచ్చిన ఈ కాగితాలను మన బడిలోనే చదివి కర్నూలులో డాక్టరుగా ఉన్న చెల్లెలికి ముందే చూపించాను. ఆమె మూడు చోట్ల కొట్టేసింది. ఇంకా తప్పులుంటే అవి నావే.

మన కేసీ కెనాల్ 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. అంత పాత మట్టి కాలువ మీద పనిచేసిన ప్రతి ఇంజనీరుకూ ఒక అనుభవం ఉంటుంది. రైతు వచ్చి, "సార్, నా చేనులో చౌడు తేలుతోంది, జొన్న ఎర్రబడుతోంది" అంటాడు. చేను చూస్తే కాలువకు ఎక్కడో దూరంగా ఉంటుంది. భూమిలో లోపం ఉందనుకుంటాం, ఎరువు ఎక్కువైందనుకుంటాం, ఒక్కోసారి రైతునే అనుమానిస్తాం. అసలు సంగతి ఏమిటంటే, కాలువ కట్ట కింద ఎక్కడో నీరు దారి చేసుకుంటుంది. ఇసుక పొర వెంబడి పోయి పోయి, పల్లంలో ఉన్న ఆ చేనులో చెమ్మగా తేలుతుంది. లోపం కట్టలో, గుర్తు చేనులో. కట్ట మీద నిలబడి చూస్తే మాత్రం పచ్చగడ్డి, అంతా బాగానే ఉంటుంది.

ఇంత తెలిసినవాణ్ని, 2016 మే నెలలో మా సారు విషయంలో ఆ ముక్క గుర్తుకు తెచ్చుకోలేకపోయాను.

ఆ నెలలో ఒక రాత్రి అమ్మగారు ఫోన్ చేశారు. "నాయనా, మీ సారు మనవడికి ఎక్కాలు చెబుతూ పదిహేడు ఎనిమిదులు నూట ఇరవై ఆరు అన్నారు. వాడు నూట ముప్పై ఆరు తాతా అంటే వాణ్ని కోప్పడ్డారు. ఆయన తప్పడం నేను నలభై ఏళ్లలో చూడలేదు" అన్నారు. నేను నవ్వాను. "డెబ్బై దాటినాయి కదమ్మా, మామూలే" అన్నాను. అమ్మగారు నవ్వలేదు. ఆ తర్వాత మూడు వారాల పాటు ఫోన్ కూడా చేయలేదు.

ఆ మూడు వారాల్లో సారుకు దప్పిక పెరిగింది. మే నెలలో నందికొట్కూరులో దప్పిక అన్నవాణ్ని ఎవరు పట్టించుకుంటారు? కుండ పక్కనే మంచం వేసుకున్నారు. రాత్రి ఐదారు సార్లు మూత్రానికి లేచేవారు. షుగర్ చూపించారు, లేదన్నారు. మలబద్ధకం అంటే చూర్ణం ఇచ్చారు. ఆకలి లేదు, మనిషి చిక్కిపోయాడు, నడుము నొప్పి. ఒకచోట చూపిస్తే ఎముకలు గుల్లబారాయని చెప్పి కాల్షియం మాత్రలు రాశారు. ఇదంతా ఎందుకింత వివరంగా చెబుతున్నానో ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది. చివరికి ఒక రోజు మధ్యాహ్నం సారు చొక్కా వేసుకుని, బడికి టైమైందని బయల్దేరారు. రిటైరై అప్పటికి పదిహేనేళ్లు.

అప్పుడు కర్నూలుకు తీసుకెళ్లారు. ఇందాక చెప్పిన చెల్లెలు ఆ రోజు డ్యూటీలో ఉండటం సారు అదృష్టం. దప్పిక, అతిమూత్రం, మలబద్ధకం, మతిమరపు, ఈ నాలుగూ ఒకే మనిషిలో ఒకేసారి వచ్చాయంటే రక్తంలో కాల్షియం చూడాలట. చూస్తే డెసిలీటరుకు 14.2 మిల్లీగ్రాములు. మామూలుగా ఎనిమిదిన్నర నుంచి పదిన్నర మధ్య ఉండాలి. కాల్షియం అంతగా పెరిగితే మూత్రపిండాలు నీళ్లను ఆపుకోలేవు. ఒళ్లు ఎండిపోతుంది, పేగు మందగిస్తుంది, మెదడు మసకబారుతుంది. సారు ఎక్కం తప్పింది వయసు వల్ల కాదు. ఇక ఆ మాత్రల సంగతి చెప్పనక్కర్లేదు. పొంగుతున్న చెరువులోకి ఇంకో వాగు మళ్లించినట్లు.

అయితే ఆ కాల్షియం ఎక్కడిది? పెరిగిన ప్రతి కాల్షియమూ క్యాన్సరు కాదు. మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు ఎక్కువగా పనిచేసినా పెరుగుతుంది, మన మధ్య తిరిగేవాళ్లలో మామూలు కారణం అదేనట. సారుకు ఆ గ్రంథి హార్మోను చూస్తే అడుగంటి ఉంది. అంటే వేరే ఎవరో ఆ పని చేస్తున్నారు. కడుపు స్కాన్ తీస్తే ఎడమ మూత్రపిండంలో ఏడున్నర సెంటీమీటర్ల గడ్డ. నిమ్మకాయ కూడా కాదు, బత్తాయి అంత. ఆయనకు ఒక్కరోజు మూత్రంలో రక్తం పడలేదు, చేతికి గడ్డ తగల్లేదు. నడుము నొప్పి ఒక్కటీ ఉండింది, దానికేమో ఎముకల మాత్రలు మింగారు.

మూత్రపిండం వీపు వైపు లోతుగా ఉంటుంది. అక్కడ గడ్డ ఎంత పెరిగినా అడ్డుచెప్పేది ఏదీ ఉండదు. మూత్రంలో రక్తం, పక్కలో నొప్పి, చేతికి తగిలే గడ్డ, ఈ మూడూ కిడ్నీ క్యాన్సరు లక్షణాలని పుస్తకాల్లో రాస్తారు. కానీ మూడూ కలిసి కనపడేది నూరు మందిలో పది మందికి కూడా కాదు. అందుకే పాతకాలం డాక్టర్లు దీన్ని ఫిజీషియన్ల గడ్డ అని ఎగతాళిగా పిలిచేవాళ్లు. రోగి జ్వరమనో, రక్తహీనత అనో, బరువు తగ్గాననో మామూలు డాక్టరు దగ్గరకే వచ్చేవాడు కాబట్టి. ఇప్పుడు వేరే దేనికో పొట్ట స్కాన్ తీస్తే బయటపడుతోంది, అందుకని స్కానింగ్ వాళ్ల గడ్డ అంటున్నారు.

గడ్డ తానున్న చోట కాకుండా, తాను పాకని చోట కూడా, ఒంట్లో ఎక్కడో అలజడి పుట్టించడాన్ని పారానియోప్లాస్టిక్ సిండ్రోమ్ అంటారు. నోరు తిరగని పేరే. నాకు మాత్రం కేసీ కెనాల్ చౌడు గుర్తొచ్చింది. సారు గడ్డ చేసింది ఏమిటంటే, పారాథైరాయిడ్ హార్మోనును పోలిన ఒక ప్రొటీన్‌ను రక్తంలోకి వదిలింది. దొంగ సంతకం పెట్టి బ్యాంకులో డబ్బు తీసినట్లు, అది ఎముకల్లో దాచిన కాల్షియాన్ని బయటికి లాగింది. ఆ ప్రొటీన్‌ను శాస్త్రజ్ఞులు వేరుచేసి గుర్తించింది 1987లో. అంటే మేము ఈ బడి వదిలిన రెండేళ్లకు.

కిడ్నీ గడ్డలకు ఇలాంటి మారువేషాలు చాలా ఉన్నాయి. కిడ్నీ క్యాన్సరు వచ్చినవాళ్లలో పది నుంచి నలభై శాతం మందిలో ఏదో ఒకటి కనిపిస్తుందని లెక్క. ఎర్ర రక్తకణాలను పుట్టించమని ఎముక మజ్జకు చెప్పే హార్మోను మామూలుగానే కిడ్నీలో తయారవుతుంది. గడ్డ అదే ఎక్కువ చేస్తే రక్తం చిక్కబడుతుంది. ఎక్కువమందిలో మాత్రం దీనికి తలకిందులుగా రక్తం తగ్గిపోతుంది. కొందరికి ఉన్నట్లుండి బీపీ పెరుగుతుంది. కొందరికి నెలల తరబడి జ్వరం, ఏ పరీక్షలోనూ సూక్ష్మజీవి దొరకదు. 1961లో మేయో క్లినిక్ డాక్టరు స్టాఫర్ ఇంకో వింత రాశాడు. గడ్డ కాలేయానికి పాకనే లేదు, అయినా కాలేయం పరీక్షలన్నీ చెడి ఉంటాయి, కిడ్నీ తీసేస్తే కాలేయం దానంతటదే కుదుటపడుతుంది. ఆయన పేరే దానికి పెట్టారు. కామెర్లకు పసరు మందు కోసం ఊళ్లు తిరిగే మనవాళ్లకు ఈ సంగతి తెలియాలి అనిపించింది. అందరికీ వచ్చేదని కాదు, చాలా అరుదైనదే. కానీ పసరు తాగుతూ ఆరు నెలలు పోగొట్టుకునే ముందు ఒక్క స్కాన్ తీయించుకుంటే పోయేదేమీ లేదు.

మూత్రాశయం క్యాన్సరు దారి వేరు. అది చాలావరకు మర్యాదగా, నొప్పి లేకుండా మూత్రంలో రక్తం చూపించి తన రాక తెలియజేస్తుంది. ఆ ఒక్కసారి చూపించి, మళ్లీ నెలల పాటు ఆగిపోతుంది కూడా. ఆగిపోయింది కదా, వేడి చేసిందిలే అనుకుని సబ్జా నీళ్లు తాగి ఊరుకుంటాం. బీడీ, సిగరెట్టు దానికి అన్నిటికన్నా పెద్ద కారణం. పొగ ఊపిరితిత్తులకే అనుకుంటాం గానీ, అందులోని విషం రక్తంలో కలిసి, మూత్రంలో వడగట్టుకుని, గంటల తరబడి నిలబడేది ఆ సంచిలోనే. పారానియోప్లాస్టిక్ లక్షణాలు దీనిలో ఇంకా అరుదు. వచ్చిన వాటిలో ఒకటి గట్టిది. గడ్డే తెల్ల రక్తకణాలను పెంచే పదార్థాన్ని తయారుచేస్తుంది. పదకొండు వేలు దాటకూడని లెక్క యాభై వేలు దాటుతుంది. ఇన్‌ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్ ఇస్తారు, లెక్క దిగదు. అది మంచి సూచన కాదు. అలాంటి గడ్డ సాధారణంగా మొండిది, వేగంగా పెరిగేది.

ఇక్కడ ఒక చిన్న మాట, మనవాడి గురించి కాబట్టి. మూత్రాశయం క్యాన్సరు ముదిరితే వాడే పాత నాలుగు మందుల కూర్పులో మొదటిది మెథోట్రెక్సేట్. దాని కుటుంబానికి పునాది పడింది అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో. సారు ఆయన గురించి మాకు తొమ్మిదో తరగతిలో చెప్పారు, లెక్కల పీరియడ్లో. సిలబస్ ఎప్పుడు పూర్తయ్యేదో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

సరే, సారు దగ్గరకు వస్తాను. సెలైన్లు, ఎముకలు కాల్షియం వదలకుండా చేసే ఒక ఇంజక్షను. నాలుగో రోజుకు కాల్షియం పదకొండుకు దిగింది. నేను వెళ్లేసరికి దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, "ఏమిరా అబ్బీ, పదిహేడు ఎనిమిదులు ఎంత?" అన్నారు. అమ్మగారు ఏమీ అనకుండా నా వైపు చూశారు. ఆ చూపు నాకు ఇంకా గుర్తుంది.

ఊపిరితిత్తుల్లో అప్పటికే రెండు మూడు చిన్న మచ్చలు ఉన్నాయి. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి ఎడమ కిడ్నీ తీశారు. తర్వాత మాత్రలతో చికిత్స అన్నారు. మాత్రలు మొదలయ్యే ముందు రోజు సారు నన్ను ఒక్కణ్ణే ఉండమని, "ఇంకెంత కాలం? అంకెలో చెప్పు" అన్నారు. డాక్టర్లు అంకె చెప్పలేదట. "వాళ్లు చెప్పరు. నీకు లెక్క నేర్పింది నేను, నువ్వు చెప్పు."

నేను వెతికాను. ముదిరిన కిడ్నీ క్యాన్సరులో రోగి భవిష్యత్తు అంచనా వేయడానికి 2009లో హెంగ్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఆరు ప్రశ్నల పట్టిక తయారుచేశారు. జబ్బు తెలిసిన ఏడాది లోపే మందు అవసరమైందా? రోగి తన పనులు తాను చేసుకోలేకున్నాడా? హిమోగ్లోబిన్ తక్కువా? కాల్షియం ఎక్కువా? న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ఎక్కువా? ప్లేట్‌లెట్లు ఎక్కువా? అవును అన్న ప్రతిదానికీ ఒక పాయింటు. సున్నా అయితే మంచి వర్గం, ఒకటి రెండు మధ్య వర్గం, మూడూ ఆపైన చెడ్డ వర్గం. గమనించారా, ఆరింటిలో నాలుగు రక్తపరీక్షలు. గడ్డ కొలత అందులో లేదు. చేనులో చౌడు ఎంత తేలిందో చూసి కట్ట పరిస్థితి చెప్పడమే ఇది. సుమారు వెయ్యి మంది రోగుల లెక్కలు 2013లో అచ్చయ్యాయి. మంచి వర్గానికి 43.2 నెలలు, మధ్య వర్గానికి 22.5, చెడ్డ వర్గానికి 7.8.

సారుకు నేను వేసిన లెక్క: ఏడాది లోపే మందు, ఒకటి. హిమోగ్లోబిన్ తక్కువ, రెండు. కాల్షియం 14.2, మూడు. నీళ్లు నిండిన కళ్లతో చెప్పాను, ఏడు పాయింట్ ఎనిమిది నెలలు అని.

సారు కాసేపు పైకప్పు వైపు చూశారు. తర్వాత, "సగటా, మధ్యగతమా?" అన్నారు.

నేను తడబడ్డాను. తెలుగు మీడియంలో చదివిన మనకు మధ్యగతం అంటే పదో తరగతి పరీక్షలో నాలుగు మార్కులు, అంతే. మధ్యగతమే సార్ అన్నాను. "అంటే సగం మంది అంతకన్నా ఎక్కువ బతికారు. ఆ సగంలో చివరివాడు ఎంత కాలం ఉన్నాడో రాసినారా? రాయలేదు కదా. మరి నువ్వు నాకెందుకు తేదీ చెబుతున్నావు?" అన్నారు. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు నేను కట్ట మీదే ఉన్నాను. శ్రీశైలం ప్రాజెక్టుకు డిజైన్ చేసింది 19 లక్షల క్యూసెక్కులకైతే, వచ్చింది 25 లక్షలకు పైన. వంద ఏళ్ల వరద అంటే వంద ఏళ్లకోసారి క్యాలెండరు చూసుకుని వచ్చేది కాదని, ఏ ఏడైనా నూటికి ఒక వంతు అవకాశం అని మాత్రమే అర్థమని అప్పట్లో విలేకరులకు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. ఆ తెలివి మా సారు మంచం పక్కన ఎటుపోయిందో.

అమెరికాలో స్టీఫెన్ జే గూల్డ్ అనే జీవశాస్త్రజ్ఞుడికి 1982లో ఒక అరుదైన క్యాన్సరు వచ్చింది. మధ్యగతం ఎనిమిది నెలలని పుస్తకాల్లో చదివి, ఆయనా సారు అడిగిన ప్రశ్నే వేసుకున్నాడు. ఇంకో ఇరవై ఏళ్లు బతికాడు. ఇది సారుకు చెబితే, "ఆయన ఒక్కడు. ఒక్కణ్ణి చూపించి నన్ను సంతోషపెట్టొద్దు" అన్నారు. రెండు వైపులా ఆయన ఒప్పుకోలేదు.

మర్నాడు డాక్టర్ చెల్లెలికి నా లెక్క చూపించాను. ఆమె కాగితం చూసి, "అన్నా, ఈ కాల్షియం ఏ రోజు రక్తంలోది?" అంది. ఆస్పత్రిలో చేర్చిన రోజుది. "పట్టిక లెక్కపెట్టేది మాత్రలు మొదలుపెట్టే రోజుతో. కిడ్నీ తీసేశాక ఆయన కాల్షియం 9.6. ఆ పాయింటు లేదు." మూడు కాదు, రెండే. చెడ్డ వర్గం కాదు, మధ్య వర్గం. ఒక రాత్రంతా ఆయన్ను ఏడు పాయింట్ ఎనిమిదితో పడుకోబెట్టింది నా తప్పు లెక్క. గడ్డ తీశాక కాల్షియం దిగి నిలబడటమే ఒక మంచి గుర్తు అని, మళ్లీ పెరిగితే జబ్బు ఎక్కడో తిరగబడిందని అనుమానించాలని కూడా ఆమె చెప్పింది. సారు ఆ రెండో మాట పట్టుకున్నారు.

నోటుబుక్కు తెప్పించుకున్నారు. ఎడమ పేజీలో తేదీ, తాగిన గ్లాసుల లెక్క, రాత్రి ఎన్నిసార్లు లేచారో, బరువు. కుడి పేజీలో రక్తపరీక్షలు. ప్రతి రోజూ ఉదయం పదిహేడు, పంతొమ్మిది ఎక్కాలు అమ్మగారికి అప్పజెప్పేవారు. అప్పజెప్పినట్లు అమ్మగారు పక్కన టిక్కు పెట్టేవారు. మాత్రల వల్ల అరికాళ్లు మండేవి, నోరు పూసేది, రెండుసార్లు మోతాదు తగ్గించారు. అయినా ఆ ఏడాది దసరాకు సంగమేశ్వరం తీసుకెళ్లమని అడిగితే, గుడి ఇంకా శ్రీశైలం నీళ్లలోనే ఉందని, వేసవిలో నీళ్లు దిగాక తేలుతుందని చెప్పాను. "అయితే వేసవి దాకా ఉండాల్సిందే" అన్నారు. ఉన్నారు. 2017 వేసవిలో వెళ్లాం.

2018 మే నెలలో ఎడమ పేజీలో గ్లాసులు పన్నెండు నుంచి పదిహేడుకు పెరిగాయి. ఎండలే అనుకోలేదు ఈసారి. కిందటి మే నెల పేజీ తిప్పి చూసి, అప్పుడు పన్నెండే ఉందని, తానే కర్నూలుకు ఫోన్ చేశారు. కాల్షియం 11.8. మతి తప్పక ముందే, ఎక్కం తప్పక ముందే దొరికింది. మళ్లీ ఇంజక్షను ఇచ్చారు. జబ్బు మాత్రం కాలేయానికి వెళ్లింది. చివరి నాలుగు నెలల్లో కాల్షియం రెండుసార్లు పెరిగింది, రెండుసార్లూ దించారు. సెప్టెంబరులో ఇంట్లోనే, తెలివిగా మాట్లాడుతూ పోయారు. గడ్డ బయటపడిన నాటి నుంచి ఇరవై ఎనిమిది నెలలు.

మొదటి ఫోన్ నాడే నేను నవ్వకుండా ఉండి, రక్తం చూపించమని ఉంటే మచ్చలు ఊపిరితిత్తులకు వెళ్లేవి కాదా అని డాక్టర్ చెల్లెల్ని అడిగాను. మూడు వారాల్లో అంత తేడా ఉండదు అన్నా, అప్పటికే వెళ్లి ఉంటాయి అంది. అయితే ఆ మూడు వారాల అయోమయం ఆయనకు తప్పేది, అమ్మగారికి ఆ భయం తప్పేది అని కూడా అంది. రెండూ నిజమే.

అమ్మగారి అనుమతితో ఆ నోటుబుక్కు తెచ్చాను. వెనక బల్ల మీద, పాత గ్రూప్ ఫొటోల పక్కన ఉంది. నా తప్పు లెక్క కాగితం కూడా అందులోనే అతికించి ఉంది. దాని మీద సారు ఎర్రసిరాతో మార్కులు వేశారు, అవెన్నో నేను చెప్పను, చూసుకోండి. పేజీలు మాత్రం నెమ్మదిగా తిప్పండి, కుట్టు ఊడుతోంది.